పాఠకుల ప్రశ్నలు: జేడైక్ వీధిలో ఇరవై ఆరేళ్ల తర్వాత తెరుచుకున్న తలుపు

గత సంచికలో ఆమ్‌స్టర్‌డామ్ పాత వీధుల గురించి రాస్తూ, జేడైక్ వీధి 63వ నంబరు ఇంట్లోని 'ట్ మాంట్యె' అనే చిన్న పబ్బును రెండే వాక్యాల్లో ప్రస్తావించాను. అది 1927లో మొదలై, 1982లో మూతబడి, 2008లో అదే కుటుంబం చేతుల మీదుగా తిరిగి తెరుచుకున్న గే పబ్బు అని మాత్రమే చెప్పి ముందుకు సాగిపోయాను. పాఠకులు మాత్రం అక్కడే ఆగిపోయారు. వ్యాసంలోని మిగతా విషయాలన్నింటికీ కలిపి వచ్చిన ఉత్తరాలకన్నా ఆ రెండు వాక్యాల మీద వచ్చినవే ఎక్కువ కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము మూడేళ్లుగా ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నాం. జేడైక్‌లోని చైనా బౌద్ధాలయానికి వెళ్లినప్పుడల్లా ఈ పబ్బు ముందు నుంచే నడిచి వెళ్లేవాళ్లం. మీ వ్యాసం చదివాక మొదటిసారి లోపలికి వెళ్లాను. పైకప్పు నుంచి కత్తిరించిన నెక్‌టైలు వేలాడుతున్నాయి, గోడల మీద ఖాళీ లేకుండా ఫొటోలున్నాయి, ఒక మూల తోలు దుస్తులు వేసుకున్న మహిళ చిత్రం ఉంది. ఆమె ఎవరు? ఆ టైల కథ ఏమిటి? (ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆమె పేరు బెట్ ఫాన్ బేరెన్. 1902 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే పుట్టారు. పాతికేళ్ల వయసులో, అంటే 1927లో, ఆ స్థలంలో అప్పటికే నడుస్తున్న కెఫేను తమ బంధువు దగ్గర కొని సొంతంగా నడపడం మొదలుపెట్టారు. ఆమె స్త్రీలను ప్రేమించే స్త్రీ, ఆ సంగతిని ఎవరి దగ్గరా దాచలేదు. తోలు కోటు వేసుకుని, వెనుక సీటులో ప్రియురాలిని కూర్చోబెట్టుకుని మోటారు సైకిలు మీద నగరమంతా తిరిగేవారు. 1930ల నాటి ఐరోపాలో కూడా అలా తిరగడం మామూలు విషయం కాదని గుర్తుపెట్టుకుంటే, ఆ వీధి ఆమెను 'జేడైక్ రాణి' అని ఎందుకు పిలుచుకుందో అర్థమవుతుంది.

టైల సంగతికి వస్తే, మెడకు టై కట్టుకుని దర్జాగా లోపలికి వచ్చే పెద్దమనుషుల టైని బెట్ పెద్ద కత్తితో కోసి పైకప్పుకు వేలాడదీసేవారు. ఆ పద్ధతి ఎందుకు మొదలైందో ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. నా మటుకు నాకు ఆ పనిలో ఒక న్యాయం కనిపిస్తుంది. ఓడరేవు పక్కనున్న ఆ వీధిలో ఓడల మీద పనిచేసే నావికులు, ఒళ్లమ్ముకుని బతికే స్త్రీలు, నాటకాల వాళ్లు, కాసులున్న వ్యాపారులు, పగలంతా మరో మనిషిలా నటిస్తూ బతికే గే పురుషులు, లెస్బియన్ స్త్రీలు ఒకే గదిలో భుజాలు రాసుకుంటూ నిలబడేవారు. టై తెగిన తర్వాత ఎవరు బ్యాంకు మేనేజరో, ఎవరు కలాసీయో పైకి తెలియదు. ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. 'ట్ మాంట్యె' ఏ రోజూ గే మనుషులకు మాత్రమే పరిమితమైన చోటు కాదు. అందరూ వచ్చే చోట వాళ్లు కూడా తలెత్తుకుని కూర్చోగలగడమే దాని గొప్పతనం.

అయితే ఆ స్వేచ్ఛకు హద్దులుండేవి. ఇద్దరు పురుషులు గాని ఇద్దరు స్త్రీలు గాని ముద్దు పెట్టుకుంటే బెట్ ఒప్పుకునేవారు కాదు, ఎందుకంటే లైసెన్సు పోతుంది. కలిసి నాట్యం చేయడానికి ఏడాదికి ఒక్క రోజు, రాణి పుట్టినరోజు పండుగ నాడు మాత్రమే అనుమతి ఉండేది. విల్‌హెల్మినా రాణి కాలంలో ఆ పండుగ ఆగస్టు 31న వచ్చేది, 1949 నుంచి ఏప్రిల్ 30కి మారింది. మిగతా 364 రోజులు పక్కపక్కన కూర్చుని, ఆ ఒక్క సాయంత్రం కోసం ఎదురుచూసినవాళ్లు ఆ గదిలో ఎందరో ఉండి ఉంటారు. పోలీసులో, ముక్కూమొహం తెలియని వాళ్లో లోపలికి వస్తే, బార్ దగ్గరున్న గుడ్లగూబ బొమ్మలోని దీపం వెలిగించి అందరినీ హెచ్చరించేవారని కూడా చెప్పుకుంటారు. మీరు ఈసారి వెళ్లినప్పుడు గుడ్లగూబ కోసం చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్నాడు. పోయిన ఏడాది నేను వెళ్లినప్పుడు తన గురించిన నిజం నాకు చెప్పాడు. రెండు రోజులు నేను అతనితో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మూడో రోజు నన్ను ఈ చోటికే తీసుకువెళ్లి, ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. 'దీని పేరుకు చిన్న బుట్ట అని అర్థం అమ్మా, ఒక తల్లి వల్ల వచ్చిన పేరు' అన్నాడు. ఆ తల్లి గురించి ఇంకేమైనా చెప్పగలరా? (విజయవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజం. డచ్చి భాషలో 'మాంట్యె' అంటే చిన్న బుట్ట. బెట్ కెఫే తెరిచిన రోజుల్లో ఆమె తల్లి రోజూ ఒక బుట్టలో అన్నం పెట్టుకుని కూతురికి తెచ్చి ఇచ్చేవారట. అందుకే ఆ పేరు పెట్టుకున్నారు. కూతురు ఎవరిని ప్రేమిస్తోందో, ఎలాంటి బట్టలు వేసుకుంటోందో, ఎలాంటి వీధిలో వ్యాపారం చేస్తోందో ఆ తల్లికి తెలియకుండా ఉండదు. తెలిసి కూడా ఆమె రోజూ బుట్ట పట్టుకుని వచ్చారు. మన ఇళ్లలో పొలానికి క్యారియర్ పట్టుకెళ్లే తల్లులను చూసిన మనకు ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఈ పబ్బు చరిత్ర మొత్తం ఒక కుటుంబ చరిత్ర. తల్లి అన్నం తెచ్చారు. బెట్ చనిపోయాక చెల్లెలు దాన్ని నడిపారు. చెల్లెలు చనిపోయాక మేనకోడలు తిరిగి తెరిచారు. ఇంట్లో చోటు లేక వీధిన పడ్డవాళ్లకు ఆసరాగా నిలిచిన చోటు ఇన్నేళ్లు నిలబడింది ఒక ఇంటివాళ్లు వదిలిపెట్టకపోవడం వల్లనే. ఆ బల్ల దగ్గర మీరు కూర్చున్నారంటే, ఆ గదికి పేరు తెచ్చిన పనే మీరూ చేశారు. మీ అబ్బాయి మిమ్మల్ని సరైన చోటికే తీసుకువెళ్లాడు.

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో స్వలింగ సంపర్కం 1811 నుంచే నేరం కాదని చదివాను. అలాంటప్పుడు 1930లలో ముద్దుకు కూడా భయపడడం ఎందుకు? (వరంగల్ నుంచి ఒక న్యాయశాస్త్ర విద్యార్థి)

జవాబు: మీరు చదివింది సరైనదే. నెపోలియన్ ఏలుబడిలో ఫ్రెంచి శిక్షాస్మృతి అక్కడ అమల్లోకి వచ్చిన 1811లో ఆ నేరం చట్టం నుంచి తొలగిపోయింది. అయితే 1911లో 248బిస్ అనే కొత్త నిబంధన చేర్చారు. దాని ప్రకారం స్త్రీపురుషుల మధ్య సంబంధానికి పదహారేళ్ల వయసు సరిపోతుంది గాని, ఒకే లింగానికి చెందినవారి మధ్య అయితే ఇరవై ఒకటి నిండాలి. ఇరవై ఏళ్ల యువకుడితో సంబంధం పెట్టుకున్న పెద్దవాడు జైలుకు వెళ్లేవాడు. ఈ ఒక్క నిబంధనను అడ్డం పెట్టుకుని పోలీసులు అలాంటి మనుషులు చేరే చోట్ల మీద నిఘా పెట్టడానికి, పేర్లు రాసుకోవడానికి వీలు కలిగింది. దానికి తోడు మద్యం అమ్మే లైసెన్సు ఎప్పుడూ అధికారుల చేతుల్లోనే ఉంటుంది. మనిషిని శిక్షించడానికి చట్టం లేకపోయినా దుకాణం మూయించడానికి మార్గం ఉంటే చాలు. ముద్దు వద్దన్న బెట్‌ను పిరికిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్క రాత్రి పంతానికి పోయి ఆ తలుపు మూయించుకుంటే, మరుసటి రోజు సాయంత్రం ఆ నావికుడు, ఆ నాటకాల అమ్మాయి ఎక్కడికి వెళ్లాలి?

1940లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక పరిస్థితి మరింత దిగజారింది. ఆ ఏడాదే వారు ఉత్తర్వు జారీ చేసి పురుషుల మధ్య సంబంధాన్ని పూర్తిగా నేరం చేశారు. ఆ ఐదేళ్లలో బెట్ తన కెఫేలో ప్రతిఘటన దళాల ఆయుధాలను దాచారని చెబుతారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, తమ హక్కుల కోసం పనిచేసే సంఘాన్ని ఆమ్‌స్టర్‌డామ్ గే మనుషులు షేక్‌స్పియర్ క్లబ్బు అన్న పేరు చాటున స్థాపించుకున్నారు. అదే తర్వాత సీఓసీ అయింది, నేటికీ పనిచేస్తోంది. 248బిస్ మాత్రం 1971 దాకా పుస్తకాల్లోనే ఉంది. బెట్ 1967 జూలైలో చనిపోయారు కాబట్టి, ఆ నిబంధన రద్దు కావడం ఆమె చూడలేదు. అదే నగరంలో 2001 ఏప్రిల్ 1న, ప్రపంచంలో తొలిసారిగా, స్వలింగ జంటలకు చట్టబద్ధంగా పెళ్లిళ్లు జరిగాయి. ఆనాటికి జేడైక్‌లోని ఆ తలుపు మూసే ఉంది.

ప్రశ్న: నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మూతపడిన పాత కట్టడాలు ఏమవుతాయో చాలా చూశాను. రెండేళ్లు తాళం వేస్తేనే చెదలు, చెమ్మ, దొంగలు కలిసి పూర్తి చేస్తారు. ఇరవై ఆరేళ్లు మూసిన పబ్బు టైలతో, ఫొటోలతో సహా ఎలా మిగిలింది? అసలు మూయవలసిన అవసరం ఎందుకు వచ్చింది? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మీదే.

మూయడానికి కారణం వీధి. బెట్ చనిపోయినప్పుడు ఆమె పార్థివ దేహాన్ని కెఫేలోని బిలియర్డ్స్ బల్ల మీద ఉంచారు. జనం వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత చెల్లెలు ఖ్రేట్ ఫాన్ బేరెన్ పబ్బును నడిపారు. అయితే 1970లలో జేడైక్ స్వరూపమే మారిపోయింది. హెరాయిన్ అమ్మేవాళ్లు, దానికి బానిసలైనవాళ్లు ఆ సన్నని వీధిని ఆక్రమించారు. దుకాణాలు మూతబడ్డాయి, ఇళ్లు పాడుబడ్డాయి, సాయంత్రమైతే మామూలు మనుషులు అటు నడవడానికి భయపడ్డారు. 1982లో ఖ్రేట్ తలుపు మూసేశారు. మూడేళ్ల తర్వాత, 1985లో, పురపాలక సంస్థ, ప్రైవేటు సంస్థలు కలిసి ఎన్‌వీ జేడైక్ అనే కంపెనీని పెట్టాయి. అది ఒక్కొక్క ఇంటినే కొని, బాగుచేసి, ఎవరికి అద్దెకివ్వాలో ఆచితూచి ఎంచుకుంటూ వీధిని క్రమంగా మామూలు స్థితికి తెచ్చింది. 2000లో అదే వీధిలో బౌద్ధాలయాన్ని బేయాట్రిక్స్ రాణి ప్రారంభించారంటే వీధి ఎంత కోలుకుందో ఊహించవచ్చు. పబ్బు తిరిగి తెరవడం వెనుక కుటుంబం పట్టుదలతో పాటు ఈ కోలుకోవడం కూడా ఉందని మరచిపోకూడదు. వీధి చచ్చిపోయిన చోట ఒక్క ఇంటిని బతికించడం ఎవరి తరమూ కాదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఖ్రేట్ తలుపు మూశారు గాని గదిని ఖాళీ చేయలేదు. ఎవరికీ అమ్మలేదు, మరో వ్యాపారానికి ఇవ్వలేదు. టైలు, ఫొటోలు, పత్రికల కత్తిరింపులు, బిలియర్డ్స్ బల్ల, బార్, అన్నీ అక్క వదిలి వెళ్లినట్టే ఉంచారు. అద్దె రాని గదిని నగరం నడిబొడ్డున అలా పాతికేళ్లు పట్టుకుని కూర్చోవడం ఎంత ఖర్చుతో కూడిన మొండితనమో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఖ్రేట్ 2007లో చనిపోయారు. మరుసటి ఏడాది మేనకోడలు డియానా ఫాన్ లార్ ఆ తలుపు తెరిచారు. అందరూ 2008ని పునరుద్ధరణ జరిగిన ఏడాది అంటారు. నా లెక్కలో పునరుద్ధరణ 1982లోనే మొదలైంది, దాన్ని చేసినావిడ ఖ్రేట్. చెదరనివ్వని గదిని తిరిగి కూర్చవలసిన అవసరం ఉండదు. మనదగ్గర పాత కట్టడాల పనుల్లో అంచనాలన్నీ సున్నం, సిమెంటు, టేకు చుట్టూనే తిరుగుతాయి గాని, ఏ వస్తువు ఏ మేకుకు వేలాడేదో తెలిసిన మనిషి విలువ ఏ అంచనాలోనూ కనిపించదు.

ఇంజనీరు గనుక మీకు ఆసక్తి కలిగించే కొన్ని వివరాలు ఇస్తాను. ఇవి ఆ ఒక్క పబ్బువే కావు, ఆ తరహా కెఫేలన్నింటికీ వర్తించేవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి పాత పబ్బులను 'బ్రౌన్ కెఫే' అంటారు. దశాబ్దాల పొగాకు పొగ గోడలకు, పైకప్పుకు పట్టి ముదురు గోధుమరంగు పూతగా మారడం వల్ల ఆ పేరు వచ్చింది. పాత గోడ మీద నుంచి ఒక ఫొటో తీస్తే దాని వెనుక లేత రంగు చతురస్రం బయటపడుతుంది. కాబట్టి బాగుచేయడానికి దిగేవారు ముందు ప్రతి గోడనూ ఫొటో తీసి, ప్రతి వస్తువుకూ నంబరు వేసి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. నునుపుగా కడిగి కొత్త రంగు వేస్తే ఒక్క రోజులో ఎనభై ఏళ్లు చెరిగిపోతాయి. అలాగని పొగ పూతను అలాగే వదిలేస్తే అది కాగితాన్ని, గుడ్డను తినేస్తుంది. పత్రికల కత్తిరింపులు మరీ సున్నితం. చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది కాబట్టి వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కి, పెళుసై, ముట్టుకుంటే రాలిపోతుంది. పట్టు, ఉన్ని టైలకు చిమ్మటల భయం. పైకప్పు నిండా గుడ్డ వేలాడే గదికి అగ్నిమాపక నిబంధనల చిక్కు వేరు. ఇవన్నీ ఒక ఎత్తు, పునాది మరొక ఎత్తు. ఆ నగరపు పాత ఇళ్లు మెత్తటి నేలలో దిగ్గొట్టిన కర్ర దుంగల మీద నిలబడి ఉంటాయి. నీటిలో మునిగి ఉన్నంతకాలం ఆ దుంగలు శతాబ్దాలు నిలుస్తాయి, భూగర్భజలం తగ్గి దుంగల తలలకు గాలి తగిలిందంటే కుళ్లు మొదలవుతుంది.

2008కి సంబంధించి ఒక చిన్న విశేషం ఉంది. పబ్బు తిరిగి తెరుచుకున్న ఆ ఏడాదే జూలై 1 నుంచి నెదర్లాండ్స్‌లో కెఫేలు, హోటళ్ల లోపల పొగ తాగడాన్ని నిషేధించారు. గోడలకు ఆ రంగు పూసిన అలవాటు సరిగ్గా అప్పుడే చట్టవిరుద్ధమైంది. అందుచేత ఆ గోధుమరంగు ఇకమీదట పెరగదు, ఉన్నదాన్ని కాపాడుకోవలసిందే.

ప్రశ్న: చారిత్రక విలువ ఉందంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. దాన్ని మ్యూజియంగా మార్చవచ్చు కదా? మద్యం అమ్మే దుకాణాన్ని తిరిగి తెరవడాన్ని పండుగలా రాయడం మీలాంటివారికి తగునా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ అభ్యంతరాన్ని గౌరవిస్తున్నాను. తాగుడు వల్ల నాశనమైన సంసారాలను మన రాష్ట్రాల్లో చూసినవారెవరికైనా ఆ ప్రశ్న రావాలి కూడా. అయినా నా అభిప్రాయం మారలేదు, కారణం చెబుతాను.

మ్యూజియం చేయడం కూడా జరిగింది. 1999లో ఆమ్‌స్టర్‌డామ్ చారిత్రక మ్యూజియం 'ట్ మాంట్యె' లోపలి భాగానికి నకలు కట్టి ప్రదర్శించింది. అసలు గది తాళం వేసి ఉన్న రోజుల్లో, దాని నకలును టికెట్టు కొనుక్కుని చూసే అవకాశం కలిగింది. ఆ పని మంచిదే, నేను తప్పు పట్టడం లేదు. కానీ మ్యూజియంలో ఉన్న బార్ దగ్గరకు వెళ్లి, పక్కనున్న అపరిచితుడిని 'మీరు కూడానా?' అని అడగలేరు. సాయంత్రం ఐదింటికి మ్యూజియం మూసేస్తారు. మనసులో మాట ఎవరికీ చెప్పుకోలేని కుర్రవాడికి అవసరం పడేది ఐదు తర్వాతే.

గే మనుషుల చరిత్రలో పబ్బులకు అంత ప్రాధాన్యం రావడానికి కారణం మద్యం మీద మోజు కాదు. గుడి, బడి, పెళ్లిపందిరి, కచేరి అరుగు, ఇలా మిగతా వాళ్లంతా కలుసుకునే చోట్లన్నీ వారికి మూసుకుపోయాయి. డబ్బిచ్చి ఒక గ్లాసు కొనుక్కుంటే ఎవరూ లేవదీయని చోటు పబ్బు ఒక్కటే మిగిలింది. అందుకే న్యూయార్క్‌లో 1969 జూన్ 28 తెల్లవారుజామున పోలీసులు స్టోన్‌వాల్ ఇన్ అనే గే బార్ మీద పడినప్పుడు అక్కడున్నవాళ్లు ఎదురు తిరిగారు. పోగొట్టుకుంటే వెళ్లడానికి మరో చోటు లేదు. అమెరికా ప్రభుత్వం 2016లో ఆ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. లండన్‌లో రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ అనే గే పబ్బు చేతులు మారి ఏమైపోతుందోనని అభిమానులు భయపడి పోరాడితే, 2015లో ఆ కట్టడానికి రక్షిత హోదా ఇచ్చారు. గే చరిత్ర కారణంగా ఆ దేశంలో రక్షణ పొందిన తొలి కట్టడం అదే. చెప్పాలంటే, కట్టడానికి హోదా దక్కినా అందులో నడిచే పబ్బు బతుకుతుందన్న భరోసా ఏ చట్టమూ ఇవ్వదు. గోడలను చట్టం కాపాడుతుంది, సాయంత్రం దీపం వెలిగించి తలుపు తీసే పని మాత్రం ఒక మనిషి చేయాలి. 'ట్ మాంట్యె' విషయంలో ఆ పని చేయడానికి కుటుంబంలో ఒక మేనకోడలు ముందుకొచ్చారు. నేను పండుగలా రాసింది ఆ సంగతిని.

మీరు హైదరాబాద్ నుంచి రాశారు కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్ పరిధి నుంచి వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలను తప్పించింది. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లి, 2023 అక్టోబరు 17న నిరాశతో వెనుదిరిగిన పిటిషనర్లలో మీ నగరంలో నివసించే ఒక జంట ఉంది. చట్టం ఒక మెట్టు దిగివచ్చినా, ఇద్దరు కలిసి కూర్చోవడానికి భయం లేని బల్ల ఎక్కడుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అది టీ కొట్టు బల్ల అయినా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: ప్రపంచంలో మొట్టమొదటి గే బార్ ఇదేనా? మా అమ్మాయి స్టోన్‌వాల్ అంటోంది. (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ కాదు. 1920ల నాటికి బెర్లిన్‌లో అలాంటివి చాలా ఉండేవి, నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లో వాటిలో పేరున్నవాటిని మూయించారు. స్టోన్‌వాల్ గే బార్‌గా మారింది 1967లో, అంటే బెట్ చనిపోయిన ఏడాది. తిరుగుబాటు జరిగిన కొన్ని నెలలకే అది మూతబడింది. ఆ స్థలంలో తర్వాత చాలాకాలం వేరే వ్యాపారాలు నడిచాయి. అదే వీధిలో, అదే గదిలో, అదే కుటుంబం చేతుల్లో ఉండి, పాత వస్తువులతో తిరిగి తెరుచుకోవడం 'ట్ మాంట్యె' ప్రత్యేకత. మొట్టమొదటిది అనే బిరుదు దానికి అవసరం లేదు.

ప్రశ్న: స్వలింగ సంపర్కులు అనే మాటను మీరు మీ వ్యాసంలో ఎక్కడా వాడలేదు. కావాలనే మానేశారా? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అవును. చట్టం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తప్ప ఆ మాట నాకు నచ్చదు. ఆలుమగలను మనం సంపర్కాన్ని బట్టి పిలవం. గే, లెస్బియన్ అనే మాటలు తెలుగు పత్రికల్లో ఇప్పటికే స్థిరపడ్డాయి, తమను తాము అలా పిలుచుకునేవారు కూడా మనలో ఉన్నారు. మనిషి తనకు పెట్టుకున్న పేరుతో పిలవడం పాత మర్యాదే.

ప్రశ్న: వచ్చే వేసవిలో మేము భార్యాభర్తలం ఐరోపా వెళ్తున్నాం. మేము గే కాదు. మాలాంటివాళ్లు అక్కడికి వెళ్లవచ్చా? ఎలా వెళ్లాలి? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పకుండా వెళ్లండి, 1927 నుంచి అన్ని రకాల మనుషులూ వెళ్తున్న చోటే అది. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి నడక దూరమే. స్టేషను బయటికి వచ్చి వంతెన దాటి ఎడమవైపు పాత నగరంలోకి తిరిగితే జేడైక్ మొదలవుతుంది. ఒకటో నంబరు ఇంటిని ఒకసారి ఆగి చూడండి, నగరంలో మిగిలిన అతికొద్ది పాత చెక్క ఇళ్లలో అదొకటి. అక్కడి నుంచి 63 దాకా నెమ్మదిగా నడవండి. పబ్బు చాలా చిన్నది, గుంపుగా వెళ్తే ఊపిరాడదు. లోపల కూర్చున్నవాళ్లను అడగకుండా ఫొటోలు తీయవద్దు. తమ మొహం ఎక్కడ కనిపిస్తుందోనని జాగ్రత్తపడవలసిన మనుషులు నేటికీ ఉన్నారు. మద్యం ముట్టనివారైతే కాఫీ అడగండి, ఎవరూ వింతగా చూడరు.

వెనక్కి వచ్చేటప్పుడు ఆ చుట్టుపక్కలే ఒక చిన్న వంతెన దాటవచ్చు. 2017లో నగరం దానికి బెట్ ఫాన్ బేరెన్ పేరు పెట్టింది. మీ వారిని అక్కడ నిలబెట్టి ఫొటో తీసుకుంటే, మా పత్రికకు కూడా ఒకటి పంపండి.